పిడి కింది నంబరు

మ్యూజియంలో ఒక పాత సైనిక రివాల్వరు పిడి విప్పించి, దాని కింద దాగిన నంబరును బయటపెట్టడం మా తమ్ముడి కూతురి తొలి గెలుపు. చిన్నప్పటినుంచీ ప్రతిదాన్నీ కళ్లకు ఆనించుకుని చూసేది కాబట్టి ఇంట్లో అందరం దాన్ని భూతద్దం అంటాం. నాది వానాకాలపు చదువు. అయినా మా పిల్ల గొప్ప నేను రాయకపోతే ఎవరు రాస్తారు?

మా తమ్ముడు ఆ మ్యూజియంలోనే ఆయుధాలకు మెరుగు పెట్టేవాడు. తళతళలాడితేనే పని చేసినట్టని వాడి నమ్మకం. ఏళ్ల తరబడి గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఆ రివాల్వరు ఒంటిమీది నంబరును అరగదీసేశాడు. ఇక పైకి కనిపించేది తూటాలు పెట్టే సిలిండరు మీది నంబరొక్కటే. అదేమో పక్కన పెట్టిన బోర్డు మీద రాసినదానితో కలవలేదు.

"కంచే చేను మేసిందన్నమాట! అసలుది ఎవరికిచ్చి దీన్ని పెట్టావయ్యా?" అన్నాడు పెద్ద అధికారి.

తమ్ముడికి ఉద్యోగం సంగతి అటుంచి, దొంగన్న పేరు మిగిలేట్టుంది.

భూతద్దం అక్కడ చేరి అప్పటికి కొత్త. "సార్, సైన్యంలో రిపేరుకెళ్తే సిలిండరు మారుస్తారు. ఇదిగో, పక్కనే రిపేరు ముద్ర. అసలు నంబరు పిడి కింద కూడా కొడతారు. నేను ఆయన కూతుర్ని కదా, నా మాట నమ్మొద్దు. మీరే దగ్గరుండి చూడండి" అంది.

తీరా చూస్తే పిడి స్క్రూ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. భూతద్దం నూనె చుక్కలు వేసి ఆగింది.

"సుత్తి తేనా అమ్మా?" అన్నాడు తమ్ముడు.

"నాన్నా, నువ్వు చేసిన సేవ చాలు. చేతులు కట్టుకు కూర్చో!"

మర్నాటికి స్క్రూ లొంగింది. చెక్క పిడి ఊడింది. ఏ గరుకు కాగితమూ తగలని ఆ చోట, బోర్డు మీది నంబరే ఉంది. అధికారి పైకి చదివి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "నోరు జారాను పెద్దాయనా. ఇకమీదట మెత్తటి గుడ్డే, సరేనా?" అన్నాడు.

ఆ తర్వాత, కవలలనుకున్న రెండు రివాల్వర్లలో ఒకదాని గొట్టాన్ని ఎవరో కోసి పొట్టి చేశారని తేల్చింది మా పిల్లే. సైన్యం ముద్రను కొత్తగా కొట్టిన నకిలీని పట్టిందీ అదే. ఇప్పుడు వేరే ఊరి మ్యూజియంవాళ్లు, పెట్టెడు రివాల్వర్లు గుర్తుపట్టాలి రమ్మని కబురుచేస్తే అక్కడికి వెళ్లింది. మా వంశంలో అలా పిలిపించుకున్నది అదొక్కతే.

ఇక్కడ ఆ రివాల్వరుకు కొత్త అద్దాల పెట్టె తయారైంది. అందులో తమ్ముడి చేత్తోనే పెట్టించాలని అధికారి పట్టుదల. "అమ్మాయొచ్చి పక్కన నిలబడితేగానీ నేను ముట్టనండీ" అంటాడు వీడు, మెత్తటి గుడ్డ ఉతికి ఆరేసుకుంటూ.

అమ్మాయి మార్చి పంతొమ్మిదిన వస్తుంది.