నోరు మూయించిన బొమ్మ

పాతబస్తీ జహనుమాలో సైన్‌బోర్డులు రాసే మొగులయ్యకు ఇతరుల గీతలంటే చిన్నచూపు. పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో, బార్కస్‌లో ఎముకలు సరిచేసే వహీద్ పహిల్వాన్ తన దుకాణం గోడకు బొమ్మ వేయమని ఒక వారపత్రిక పేజీ ఇచ్చాడు. అందులో రెండు బొమ్మలున్నాయి. ఒకటి వెయ్యేళ్ల కిందట కాన్‌స్టాంటినోపుల్‌లో చేత్తో రాసిన వైద్యగ్రంథంలోది. రెండోది ఆరువందల ఏళ్ల తర్వాత ఇటలీవాళ్లు అలాంటి బొమ్మలనే చూసి అచ్చు పుస్తకంలో వేసుకున్నది. రెండింటిలోనూ జారిన భుజాన్ని లాగుతుంటే రోగి నిమ్మళంగా చూస్తున్నాడు.

"ఇటలీవోడు కండలు పెంచిండు గని, మొకం ఉన్నదున్నట్టు దించిండు. ఈ నకల్‌గాళ్లు ఒక్కనాడన్న రోగిని చూసిన్రా?" అని మొగులయ్య ఈసడించాడు.

వహీద్ ఒక హమాలీ భుజం సరిచేస్తుంటే పక్కనే నిలబడి చూసి, నొప్పికి అరుస్తూ వాడు తెరిచిన నోటిని అలాగే గోడకెక్కించాడు. బొమ్మ జీవంతో ఉంది. దెబ్బతిన్న చెయ్యి పట్టుకొని వచ్చినవాళ్లు దాన్ని చూసి గడపలోంచే వెనక్కి మళ్లసాగారు.

"మొగులన్నా, బొమ్మ మస్తుగుంది. గని నా దుకాణం బంద్ అయితది. వాని నోరు మూయించు," అన్నాడు వహీద్.

మొగులయ్య నోరు మూసి, చిరునవ్వు కూడా పెట్టాడు.

"థూ! ఆ ఇటలీవోని ఎనక గూడ ఎవడో గిట్లనే నిలబడి చెప్పి ఉంటడు," అని గొణిగి, కింద పేరు రాయకుండానే నిచ్చెన దిగాడు.