కాజాలు కుట్టే మనిషి

యుద్ధకాలంలో సిపాయిల చొక్కాలు కుట్టే మా దర్జీ బాబాయికి కాజాలు కుట్టే మనిషి కావాలి, దిక్కులేని పిన్నికి నీడ కావాలి. అలా పెళ్లయింది. బాబాయి ఆమెను బేరానికొచ్చిన మనిషిని పిలిచినట్టు "మీరు" అనేవాడు. వీధంతా నవ్వేది. నవ్వరూ మరి, నోళ్లకు వేరే పనేముంది?

ఒక సాయంత్రం బాంబుల సైరన్ మోగింది. బజారుకెళ్లిన పిన్ని బాగా ఆలస్యంగా ఇల్లు చేరింది. బాబాయి గుమ్మంలోనే, "ఎక్కడ చచ్చావే ఇంతసేపు?" అని అరిచి, భోరుమన్నాడు.

పిన్ని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "హమ్మయ్య, ఇన్నాళ్లకు మొగుడయ్యారు," అంది.

ఆ చలికాలమే ఆమెను జ్వరం పొట్టనపెట్టుకుంది.

ఇప్పటికీ చొక్కా పూర్తికాగానే బాబాయి దాన్ని లోపలి గదివైపు చాచి, "ఇదిగో, పట్టవే," అంటాడు. అందుకునే చెయ్యి లేదని గుర్తొచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంటాడు.