క్రాస్ నుంచి బడి దాకా

మా తోడికోడలు పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తూ చెప్తూ బల్ల పట్టుకుని కూర్చుందట. మా ఊరు చింతామణిలో ఆసుపత్రికి తెచ్చేసరికే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఏభై అయిదేళ్ళు. ఇంట్లో ఫోను ఎత్తింది నేనే. అవతల ఆమె పనిచేసే ఊరి శాలె కమిటీ, అంటే బడి కమిటీ, అధ్యక్షుడు. "అమ్మా, టీచరమ్మ..." అని ఆగిపోయాడు. విషయం ఎలాగో చెప్పాడు. ఆ తర్వాత ఇంకేం చెప్పాలో తోచక, "పొద్దున గూడా నడిచే వచ్చిందమ్మా, నేను చూసినా" అన్నాడు.

చావు కబురు చెప్తూ ఎవరైనా ఆ మాట అంటారా అని మీకు అనిపించవచ్చు. ఆ మనిషి అనవలసిన మాట అదే. ఎందుకో చెప్తాను.

ఆమె చిన్న కోడలుగా మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ నేను ఆమెను ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. పెద్ద కోడలికి ఇంట్లో మిగిలే హక్కు అదొక్కటే. నేను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. ఆమెది చేలూరు రోడ్డులో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాల. మా మరిది, అంటే ఆమె భర్త, పొద్దున గుడిలో అర్చన ముగించుకుని పగలు సహకార సంఘంలో గుమాస్తాగిరీ చేసేవాడు. అత్తమామలు, పిల్లలు అందరం కలిపి తొమ్మిది మందిమి.

ఆమె పుట్టిల్లు బాగేపల్లి. తల్లికి షుగరు. ముందు కుడికాలి బొటనవేలు తీశారు, తర్వాత మిగతా వేళ్ళు, ఆ తర్వాత చీలమండ దాకా. అప్పటికి ఆవిడకు ఏభై దాటలేదు. ఆరేళ్ళు మంచం దిగలేదు. ఆదివారం వస్తే మా తోడికోడలు పొద్దున్నే బస్సెక్కి పోయి, తల్లికి నీళ్ళు పోసి, బట్టలు ఉతికి, చీకటి పడేలోపల వచ్చేసేది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. నీళ్ళు పోయించుకుంటూ ఆవిడ, "ఏమే, నా కాలు యాడ పారేసినారో ఆ డాక్టర్ని అడిగినావా?" అని నవ్వింది. కూతురు నవ్వలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తనకు నలభై ఆరేళ్ళప్పుడు, ఆమెకూ షుగరు వచ్చింది. చిక్కబళ్ళాపురంలో డాక్టరు దగ్గరికి తోడుగా వెళ్ళింది నేనే. ఆయన కాగితాలు చూసి, "దినామూ నలభై నిమిషాలు నడవాలమ్మా" అన్నాడు.

"నలభై నిమిషాలు యాడుండాయి సార్?" అని నిజంగానే అడిగింది.

"నన్నడిగితే ఎట్లమ్మా? నేను మందు రాసిస్తా. టైము రాసిచ్చేకి అయితుందా?"

తిరుగు బస్సెక్కాం. చింతామణిలో దిగబోతూ, "అక్కా, నాకు నా కాళ్ళు కావాల" అంది. అంతే.

ఆ నలభై నిమిషాలు నిజంగానే లేవు. పొద్దున అయిదింటికి లేచిన మనిషి ఎనిమిదింపావు బస్సు పట్టుకునేదాకా పొయ్యి దగ్గరే. సాయంత్రం ఆరింటికి గుమ్మంలో అడుగు పెడితే కాఫీ కోసం ఎదురుచూసే ముఖాలు వరుసగా ఉండేవి. మొదటిది నాది. నాకు పొద్దునపూట మోకాళ్ళ నొప్పులని ఇంట్లో అందరికీ తెలుసు. పేరంటాలకు పోయేటప్పుడు ఆ నొప్పులు ఏమయ్యేవో ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడగనందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ముందు నాలుగున్నరకు లేచి వీధిలో నడిచి చూసింది. చేతిలో సంచీ లేకుండా, గుడికి కాకుండా, ఒక ఇల్లాలు ఆ వేళప్పుడు వడివడిగా పోతుంటే మా వీధి ఊరుకుంటుందా? "ఏమమ్మా, ఎవరికేమయింది?" అని ప్రతి గడపా అడిగింది. మూడో రోజుకు మా అత్తగారికి బాగాలేదని పుకారు పుట్టి, ఇద్దరు చూడటానికి పళ్ళు కూడా తెచ్చారు. మా అత్తగారు ఆ పళ్ళు తిని, కోడల్ని నడవొద్దన్నారు. తర్వాత మేడ మీద గుండ్రంగా తిరిగింది. కింద పడుకున్న మామగారు, తన నెత్తిమీద ఎవరో వడ్లు దంచుతున్నారని కేక పెట్టారు. అదీ ఆగింది. "నడక మొదలుపెట్టేకి చెప్పులు చాలక్కా, నిలిపేకి మనోళ్ళు చాలు" అనేది.

ఒక సాయంత్రం మాత్రం ముఖం వెలిగిపోతూ వచ్చింది. మా వైపు పెద్ద రోడ్డు నుంచి పల్లెకు దారి చీలే చోటును క్రాస్ అంటారు. బస్సు అక్కడ దించేస్తే ఆమె బడికి ఇంకా రెండున్నర కిలోమీటర్లు. పదకొండేళ్ళుగా ఆ దూరం పాలక్యాన్ల ఆటోలో, క్యాన్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని పోతుండేది. ఆ రోజు ఆటో రాలేదట. నడిచిందట. "పోయేటప్పుడు ఇరవై అయిదు, వచ్చేటప్పుడు ఇరవై అయిదు నిమిషాలక్కా. డాక్టరడిగింది నలభయ్యే కదా? దార్లో పడి ఉండాయి. ఇన్నేండ్లూ నేనే ఎత్తుకోలేదు."

అప్పటికి ఆమె కూతురికి గౌరిబిదనూరు వైపు నుంచి ఒక సంబంధం నడుస్తోంది. అమ్మమ్మకూ తల్లికీ షుగరని తెలిస్తే వాళ్ళు వెనక్కి తగ్గుతారని నాకు భయం. "ఎందుకు నడుస్తాండావని ఎవరడిగినా నోరు విప్పొద్దు" అని కట్టడి చేశాను. ఆమె విప్పలేదు. తెలివైన సలహా ఇచ్చానని నేను కొన్ని నెలల పాటు సంతోషంగా ఉన్నాను.

పల్లెటూళ్ళో ఒక టీచరమ్మ ఎండలో నడిచిపోతుంటే రైతులు చూస్తూ ఊరుకోరు. మోపెడ్ మీద టమోటా పెట్టెలు వేసుకుపోయేవాడు కూడా ఆపి, పెట్టె పక్కకు జరిపి, "ఎక్కమ్మా" అంటాడు. ఈమె "వద్దులేప్పా" అనేది. కారణం చెప్పేది కాదు. అధ్యక్షుడు పది రోజులు ఆపాడు, పది రోజులూ వద్దంది. ఊరు దానికి తన అర్థం తాను చెప్పుకుంది: గుడి వాళ్ళింటి ఆడమనిషి, మన బండెక్కితే మైలపడుతుంది కాబోలు. పదకొండేళ్ళు పాల ఆటోలో వచ్చింది ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం ఎవరో ఒకరు పంపే మజ్జిగ చెంబు రావడం మానేసింది. పలకరింపులు తగ్గాయి. చివరికి అధ్యక్షుడు, ఈ టీచరమ్మకు మా ఊరు పడలేదు, వేరేవాళ్ళను వేయండని ఆఫీసులో అర్జీ ఇచ్చాడు.

ఆఫీసువాళ్ళు గొడవ పెంచలేదు. చింతామణిలో, సరిగ్గా మా వీధి చివర బడిలోనే ఖాళీ ఉంది, సమ్మతమని సంతకం పెట్టి పంపమని కాగితం పంపారు. మా ఇంట్లో పండగ. మరిది దేవుడి దగ్గర దీపం పెట్టాడు. నేను కూడా, ఇక మధ్యాహ్నం వేడన్నం అనుకున్నాను, దాచేదేముంది.

ఆమె ఆ కాగితాన్ని మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ అంది: "వీధి చివర బడయితే తొమ్మిదిన్నర దాకా నన్ను పొయ్యి కాడ నుంచి కదలనీరక్కా. నాలుగున్నరకంతా మళ్ళీ పట్టుకుంటారు. ఆ దారి పోతే నా కాళ్ళు పోయినట్టే. ఆదివారం ఆ అధ్యక్షుడింటికి పోతా. నువ్వు రా. పెద్దదానివి."

వెళ్ళాను. క్రాస్‌లో దిగాక ఆటో కోసం చూశాను. ఆమె నా వైపు చూసింది. నడిచాను. రాయి కనబడిన చోటల్లా కూర్చున్నాను. మల్బరీ తోటలు, టమోటా కర్రలు, మధ్యలో ఒక మోరీ. "ఈ మోరీ దాకా బడి సంగతులు ఆలోచిస్తా. ఇది దాటినాక ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే తిట్టుకుంటా" అంది.

"నన్ను యాడ తిడతావు?"

"నీకు ఇంత దూరం చాలదక్కా. నిన్ను వచ్చేటప్పుడు పెట్టుకున్నా."

అధ్యక్షుడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గానీ ముఖం ఎద్దుల వైపే ఉంది. ఆయన భార్య కుర్చీలు తుడిచి వేసి, అరటిపళ్ళు, కొట్టని టెంకాయ తెచ్చి పెట్టింది. గుడి వాళ్ళకు వండింది పెట్టరాదని ఆమెకు తెలుసు. మా తోడికోడలు వాటిని పక్కకు జరిపింది.

"ఆకలయితాండాది. ఏం వండినావమ్మా?"

ఆ ఇల్లాలు మొగుడి వైపు చూసింది. "సంగటి, ఆకుకూర పులుసు. మీరు తినేది కాదు కదమ్మా..."

"తిననని నేనెప్పుడు చెప్పినా? పెట్టు. అక్కకూ పెట్టు."

అక్కను ఎవరూ అడగలేదు. మా ఇంటి ఆడవాళ్ళు బయట వండింది ముట్టరు. రాగిసంగటి ముద్ద నా ముందుకు వచ్చింది. మింగాలని తెలియక నమిలాను. పళ్ళకు అతుక్కుపోయింది. ఆ ఇల్లాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా తోడికోడలు మాత్రం ముద్ద తుంచి, పులుసులో అద్ది, రోజూ తినేదానిలా మింగుతూ చెప్పింది.

"నాకు షుగరప్పా. మాయమ్మకు ఇదే వచ్చి కాలు తీసేసినారు. నేను నడవాల. నడిచేకి నాకు లోకంలో మీ దారి ఒకటే ఉండాది. నీ బండెక్కితే ఆరు నిమిషాలకే బడి వచ్చేస్తాది. నాకు అంత బిరీన రాకూడదప్పా."

అప్పటికి గానీ ఆయన ముఖం మా వైపు తిప్పలేదు. "ముందే చెప్పింటే పోయేది కదమ్మా. మా బండి నీకు మైలని అనుకుంటిమి."

"ఇంట్లో పెండ్లికి బిడ్డ ఉండాది..." అని ఆమె ఆగింది. నన్ను చూపించలేదు.

"నేనే చెప్పొద్దంటినప్పా" అన్నాను. జీవితంలో నేను తప్పు ఒప్పుకున్న సందర్భాలు తక్కువ. ఇది నోట్లో సంగటి ఉండగా జరిగింది.

"నేను అప్పుడే చెప్తిని, టీచరమ్మ అట్లాటిది కాదని. ఈయన ఇంటేనా?" అంది భార్య.

"నువ్వెప్పుడు చెప్తివే?" అన్నాడాయన. వాళ్ళిద్దరూ అది తేల్చుకుంటుండగా మా తోడికోడలు రెండో ముద్ద పెట్టించుకుంది. మర్నాడే అర్జీ వెనక్కి తీసుకున్నాడు. ఈమె సమ్మతం కాదని రాసి కాగితం తిప్పి పంపింది.

ఆ తర్వాత ఆ ఊరు ఆమె నడకకు కాపలా కాసింది. ఒక శ్రావణంలో పెద్ద వాన. తడిసి ముద్దయి, తానే చెయ్యెత్తి బండి ఆపిందట. "వద్దమ్మా, నీకు షుగరు, నడువు" అని వాడు గొడుగు చేతికిచ్చి పోయాడట. ఇంకొకణ్ణి ఆపితే వాడూ అంతే. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ నవ్వలేక పొట్ట పట్టుకుంది. గౌరిబిదనూరు వాళ్ళకూ సంగతి తెలిసింది. పెళ్ళికొడుకు తల్లి కబురంపింది: మా ఇంట్లో ముగ్గురికి ఉండాది, ఒక్కరూ కదలరు, మీ బిడ్డయినా వచ్చి నడిపించనీ అని.

వేసవి సెలవుల్లో బడి లేదు, దారి లేదు. ఆ ఏప్రిల్లో ఒక పొద్దున అయిదింటికి లేచి నేను పొయ్యి వెలిగించాను. నా మోకాళ్ళు ఏమీ అనలేదు. "ఏంటక్కా ఇది?" అంది గుమ్మంలో నిలబడి. "చెప్పులేసుకుని పో. మళ్ళీ నా మనసు మారుతుంది" అన్నాను. ఎదురింటావిడ "ఎవరికేమయింది?" అని మొదలుపెట్టబోతే గేటు దగ్గరికి పోయి, "ఆమెకు షుగరు, నడుస్తాండాది. నీకు వచ్చినప్పుడు నువ్వూ నడువు" అని చెప్పి వచ్చాను. మా మరిది అన్నం వార్చడం నేర్చుకున్నాడు. మొదట్లో మాడ్చేవాడు. తిన్నాం.

తొమ్మిదేళ్ళు నడిచింది. ఆమె ఏభయ్యో పుట్టినరోజు ఎవరమూ జరపలేదు. మా ఇళ్ళలో ఆ అలవాటు లేదు. ఆమె మాత్రం ఆ రోజు బడి నుంచి వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, తన రెండు కాళ్ళనూ ముందుకు చాపుకుని కాసేపు చూసుకుంది. మా అమ్మకు ఈ వయసుకు ఒక కాలు లేదు అని అనలేదు. అననక్కర్లేదు. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను.

ఆ మంగళవారం సాయంత్రానికి ఇల్లు నిండింది. ఆ పల్లె సగం మా వీధిలోనే ఉంది. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన చుట్టమొకాయన, వచ్చినప్పటి నుంచీ కుర్చీ వదలని మనిషి, పక్కవాడితో అంటున్నాడు: "అంత నడిచిందే, ఏమొచ్చింది? నడవని మనం బాగుండాం కదా." జవాబు నా నాలుక చివర దాకా వచ్చింది. నా నాలుక గురించి చుట్టాలందరికీ తెలుసు. ఆయన కూడా తల దించుకుని సిద్ధపడ్డాడు. అంతలో లోపలి నుంచి పిలిచారు. నీళ్ళు పోయాలి, పెద్దదాన్ని నేను రావాలని.

పాదాలు నా వంతుకు వచ్చాయి. రెండు పాదాలు, పది వేళ్ళు. చెప్పు పట్టీల కింద చర్మం తెల్లగా ఉంది, మిగతాదంతా ఎండకు నల్లబడింది. మడమల పగుళ్ళలో ఎర్రమట్టి, ఆ పొద్దుటిదే. సీకాయ వేసి రుద్దాను, పోలేదు. ఇంకోసారి రుద్దబోయి చెయ్యి ఆపుకున్నాను. ఆ మట్టి మీదే పసుపు రాశాను.