పొద కింద దాచిన పంది

ఇన్నేళ్లూ దీన్ని ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. అది సగం నిజం. రాయడం రానివాళ్లు పోస్టాఫీసు దగ్గర కూర్చునే మనిషికి చెప్పి రాయించుకుంటారు. నేనూ మా అక్కకు ఎన్నో ఉత్తరాలు అలాగే రాయించాను. కానీ ఇది ఇంకొకరి చేతికి చెప్పగలిగింది కాదు. యాభై దాటాక వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అన్నీ వచ్చి ఏడాదైంది. ఆ ఏడాదీ ఎందుకు ఊరుకున్నాను? దానికి నా దగ్గర సాకు లేదు. పన్నెండేళ్లుగా మోస్తున్న బరువు ఇది. మీకు చెబుతున్నాను.

మా ఇంటాయన హిందూపురంలో బోర్డులు రాసేవాడు. ఆయన బొగ్గుతో గీతలు గీసి, అక్షరాలు రాసేవాడు. బొమ్మల్లో రంగు నింపడం నా పని. ఎక్కడ ఏ రంగో చిన్న చుక్క పెట్టి వెళ్లేవాడు. ఆ చుక్కలే నాకు చదువు.

ఒకసారి పెనుకొండ వైపు పల్లె నుంచి ఓబులప్ప అనే రైతు వచ్చాడు. అడవి పందులు వాళ్ల వేరుశనగ చేలను తవ్వి పాడు చేస్తున్నాయి. చిన్న రైతులకు తుపాకీ లైసెన్సులు కావాలని కొందరు కలిసి అర్జీ పెట్టారు. ఆ ఊరి మోతుబరికి మాత్రం ముందు నుంచే తుపాకీ ఉంది. మిగతావాళ్లకు రావడం ఆయనకు ఇష్టం లేదు. ఓబులప్పకు గుడ్డ మీద పెద్ద పోస్టరు కావాలి. తుపాకీ గురిపెట్టిన రైతు, ఎదురుగా చేను తవ్వుతున్న పంది, పైన ‘రైతుకు తుపాకీ లైసెన్సు కావాలి’ అన్న అక్షరాలు.

మా ఆయన అంతా గీసి, పంది మీద నల్ల చుక్క పెట్టి, పట్టుచీరల అంగడి బోర్డు పని మీద ధర్మవరం వెళ్లాడు.

పందికి రంగు వేయడానికి నాకు చెయ్యి రాలేదు. మేం ముసల్మానులం. మా అత్త వాకిట్లో కూర్చుని చూస్తోంది. బొగ్గు గీతలు ఆమె పోల్చుకునేలోపే గబగబా ఆకుపచ్చ తీసుకుని పంది మీద పెద్ద పొద వేసేశాను. మతం అడ్డొచ్చిందని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరి బ్రాందీ షాపు బోర్డు మీద సీసాలను నిగనిగలాడేలా నింపింది ఈ చెయ్యే కదా? ఆ సీసాలు నింపిన రోజు అత్త ఊళ్లో లేదు. అంతే తేడా. నాది భక్తి కాదు, అత్త నోటికి భయం.

మర్నాడు ఓబులప్ప వచ్చి గుడ్డ విప్పి చూశాడు.

“పంది యాడమ్మా?”

“పొదలో దాక్కోనుండాదన్నా.”

ఆయన నవ్వాడు. “అదీ నిజమేలే. మా చేన్లోనూ అంతే, కనపడి సావదు.”

బస్సు దిగేవాళ్లందరికీ కనిపించాలని దాన్ని ఊరి మొదట్లోని గోడకు కట్టాడు. ఆ గోడ పక్కనే మోతుబరి ఇంటి గేటు. పంది ఉండి ఉంటే తుపాకీ పంది వైపు ఉన్నట్టే. పంది లేకపోయేసరికి అది గేటు వైపు తిరిగినట్టయింది. మా సీమలో ఒకరి ఇంటి వైపు తుపాకీ చూపిస్తే ఏమనుకుంటారో చెప్పాలా? సాయంత్రానికి ఓబులప్ప పోలీసు స్టేషన్లో ఉన్నాడు.

పంది బొమ్మ కూడా వేయమనే చెప్పానని ఆయన మొత్తుకున్నాడట. మర్నాడు ఎస్సై ఆ గుడ్డ తెచ్చి మా వాకిట్లో పరిచాడు. పొద మీద కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దితే కింద బొగ్గు గీతలు బయటపడతాయి. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు.

“ఏమ్మా, ఆయప్ప పంది బొమ్మ గీయమన్నాడా, లేదా?”

తలుపు వెనక అత్త గాజులు కదిలాయి.

“లేదు సార్. తుపాకీ ఒగటే గీయమన్నాడు.”

కాగితం మీద వేలిముద్ర వేశాను. మా ఆయన్ని పట్టుకుపోతారేమోనన్న భయం ఉన్న మాట నిజం. కానీ నోటికి ముందు అడ్డుపడింది అది కాదు. మా ఇంట్లో పంది బొమ్మ ఉందని అత్త ముందు ఒప్పుకోవాలి. అది తప్పించుకోవడానికి ఒక మనిషిని పోలీసులకు ఇచ్చేశాను. మా ఆయన తిరిగొచ్చి, విని, నోరు విప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన మౌనం మీదికి నా తప్పు నెట్టను.

ఓబులప్పను మూడు రోజులు ఉంచుకుని వదిలారు. అర్జీ కొట్టేశారు. వెంట ఉన్న రైతులు తప్పుకున్నారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ పందులు పంట మిగల్చలేదు. ఓబులప్ప చేను అమ్ముకుని ధర్మవరం వెళ్లి మగ్గాల దగ్గర కూలికి చేరాడు.

కొన్నేళ్లకు అక్కడి సంతలో ఎదురుపడ్డాడు. తప్పుకుని పోబోతుంటే ఆయనే పిలిచాడు.

“బాగుండావామ్మా? నీ మీద నాకేం కోపం లేదు. నీకు సదువు రాదు కదా. వాళ్లు ఏం రాసుకోని నీతో ముద్దర ఏపించుకున్నారో నీకేం తెలుసు?”

నేను తల ఊపాను.

ఎస్సై ముందు చెప్పిన అబద్ధానికి భయం అనే పేరైనా ఉంది. ఈ తల ఊపడానికి ఏ పేరు పెట్టను? చదువు రాలేదని జీవితమంతా సిగ్గుపడిన నేను, ఆ రోజు మాత్రం చదువు రానందుకు లోలోపల సంతోషించాను. ఆయన మంచితనాన్ని సంచిలో కూరగాయలతో పాటు ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాను. నన్ను ఎక్కువ సిగ్గుపెట్టేది ఇదే.

ఇది రాయడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నిన్న ముగించి, ఒక నకలు తీశాను. మీరు చదువుతున్నది ఆ నకలు. ఈ కింది నాలుగు మాటలూ ఈ రోజు దానికి కలిపినవి.

ఈ రోజు పొద్దున్నే రైలెక్కి ధర్మవరం వెళ్లాను. ఓబులప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. చదువు నేర్చుకుని నేనే రాశానని చెప్పి కాగితాలు ఇవ్వబోయాను. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి, నువ్వే చదువు అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడి, కూడబలుక్కుంటూ, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివాను. మధ్యలో ఎక్కడో మగ్గం ఆగింది. కాగితాలు మగ్గం పక్కన పెట్టి బయటికి వచ్చాను.