పన్నెండో సంచిలోని నీలి గింజలు

నీలం నగర్‌లో, నేతగాళ్ళ వాడకట్టులో, పెంటప్ప గురించి ఎవరిని అడిగినా ముందు ఆయన కన్ను గురించే చెబుతారు. ముప్ఫై ఏళ్ళు చేతిమగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి. బట్టలో పోగు తెగిన చోటును గడప అవతల నిలబడే పట్టేసేవాడు. పవర్‌లూములు వచ్చి చేతిమగ్గాల నోట్లో మట్టి కొట్టాక, నలభై ఎనిమిదో ఏట ఊళ్ళోని ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం వాళ్ళ దగ్గర అటెండరుగా చేరాడు. రాళ్ళ మీద దుమ్ము దులపడం, బీరువాలు తెరవడం, మూయడం. "రాళ్ళకు కావలి" అని వాడకట్టంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, వాళ్ళలో ఎంతమందికి హిమాలయాల పుట్టుక తెలుసట?

ఇంట్లో మగ్గాన్ని మాత్రం ఆయన అమ్మలేదు. మధ్య గదిలో సగం చోటు మింగేసి అలాగే కూర్చుంది. ఆఖరి పడుగు, అంటే నిలువు పోగుల కొస ఒక జానెడు ఇంకా దువ్వెనలాంటి అచ్చులో వేలాడుతూనే ఉంది. నేతగాళ్ళలో అది ఉన్న పద్ధతే. పాత పడుగు అయిపోయే ముందు కాస్త కొస వదిలేసి, దానికే కొత్త పడుగును పోగుకు పోగు అతుకుతారు. అచ్చులో పోగులన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కించే బాధ తప్పుతుంది. పెంటప్ప ఇంట్లో ఆ పద్ధతి కాస్తా కట్టడి అయి కూర్చుంది. మగ్గాన్ని వట్టిగా ఉంచితే ఇంటికి అరిష్టమని ఆయన నానమ్మ మాట. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అన్నట్టు, పడుగు అయిపోయినా నిండుకుందనే అనాలి. ఖాళీ అన్న మాట ఆ గదిలో ఎవరి నోట వచ్చినా ఊరుకునేది కాదు ఆ ముసలమ్మ. ఆవిడ పోయి పాతికేళ్ళయినా మాట మాత్రం పోలేదు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో గోదావరి మేడం ఇరవై రెండు గోనెసంచులతో రైలు దిగింది. ఆమె జోడ్‌భావి పేట్ అనే ఇంకో వాడకట్టు నేతగాళ్ళ బిడ్డే, ఆ కాలేజీలోనే లెక్చరరు. పెంటప్ప ఆమెను కాలేజీలో మేడం అనేవాడు, బయట బిడ్డా అనేవాడు. హిమాలయాల పాదాల దగ్గర ఒక వాగు ఒడ్డున అడుగు పొర నుంచి పై పొర వరకు ఇసుకరాళ్ళు కొట్టి తెచ్చింది. ఒకటో సంచి అన్నిటికన్నా కింది పొర, అంటే అన్నిటికన్నా పాతది. కాలేజీ కుళాయిలో చుక్క నీళ్ళు లేవు. పెంటప్ప ఇంటి ముందు బోరింగు ఉంది. దాంతో సంచులన్నీ నీలం నగర్ చేరాయి, చద్దరులో చుట్టుకుని ఒక సూక్ష్మదర్శిని కూడా వచ్చింది.

"ఇసుక కడిగి ఏం జేస్తవు బిడ్డా?" అని అడిగాడు పెంటప్ప.

"కొండ ఎప్పుడు లేచిందో తెల్సుకుంట, కాకా. కొండ అరిగి అరిగి ఇసుక అయితది. వాగుల కొట్టుకొచ్చి కింద పొరలు పొరలుగ పడుతది. ఏ పొరల ఏ గింజ ఉన్నదో చూస్తే, అప్పుడు కొండల ఏ రాయి బయటికి తేలిందో ఎరుకైతది."

పెంటప్ప మగ్గానికి పడుగు చుట్టే దూలం, బీము వైపు చూశాడు. "గట్లయితే తలకిందులు గదా! ఒక బీము మీది పడుగు విప్పి ఇంకో బీముకు చుడితే, మీదిది పోయి అడుగున పడుతది. కొండ నెత్తి మీది రాయి ముందు అరుగుతది, అదే అడుగున పడుతది. కొండ కడుపుల రాయి ఆఖరుకు వస్తది, అది మీద పడుతది. బరోబర్ ఉందా?"

గోదావరి నోరు తెరిచేసింది. "ఏక్‌దమ్ బరోబర్! మా పిల్లలకు మూడు రోజులు చెప్పినా ఎక్కలే కాకా!"

ఆ రోజు నుంచి పెంటప్పను పట్టడానికి లేదు. వాడకట్టులో ఎవరు దొరికితే వాళ్ళకు కొండ కథ చెప్పేవాడు. ఆమె వెతుకుతున్నది కైనైట్ అనే నీలి గింజ. కొండ కడుపులో ఎంతో లోతున, ఊహకందని ఒత్తిడికి పుట్టే గింజ అది. ఇసుకలో అది దొరికిందంటే, కొండ అప్పటికే బాగా పైకి లేచి, పైనున్నదంతా అరిగి, కడుపు బయటపడిందన్న మాట. ఆ వాగు దగ్గర పదిహేనో పొర నుంచే నీలి గింజ మొదలవుతుందని అంతకుముందు చూసినవాళ్ళు రాసిపెట్టారు. అంతకన్నా కింద దొరికితే కొండ వయసు లెక్కే మారిపోతుంది.

పెంటప్ప రాయిని రోట్లో నలిపి, జల్లించి, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో వేసి నీళ్ళతో తిప్పేవాడు. తేలిక ఇసుక నీళ్ళతో పోయేది, నీలి గింజలాంటి బరువు గింజలు అడుగున నిలిచేవి. పై సంచి ముందు చేతికందింది కనుక ఇరవై రెండు నుంచి కిందికి దిగుతూ వచ్చాడు. ఒక్కో సంచిలో సగం రాయిని గోదావరి చెప్పినట్టే పక్కన దాచాడు. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాడు, ఒక్కటి తప్ప.

తొమ్మిదో సంచి గింజలు చూసిన రోజు గోదావరి కుర్చీలోంచి ఎగిరి లేచింది. "కాకా, తొమ్మిదోదాన్ల సుత ఉన్నయి! రెండు నీలి గింజలు!"

పెంటప్ప భార్య యమునాబాయి బెల్లం ముక్క తెచ్చి ఇద్దరి నోట్లో పెట్టింది. గోదావరి అప్పటికప్పుడు పుణెలో ఉన్న తన పరిశోధన గైడుకు ఉత్తరం రాసింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. శనివారం ఆయనే స్వయంగా వస్తున్నాడు. ఆ ఉత్తరాన్ని ఆమె వసారాలో నిలబడి గట్టిగా చదివింది.

"పై సంచిల గింజ ఒక్కటన్న కింది సంచిల కలవలేదని ఖాయమా అని అడిగిండు కాకా! మా కాకా పళ్ళెం అద్దం లెక్క ఉంటదని చెప్త!"

పెంటప్ప ఇత్తడి పళ్ళెం వైపు చూశాడు. ప్రతి సంచి అయ్యాక పళ్ళేన్ని కడిగేవాడు, నిజమే. కానీ అంచున ఒక చిటికెడు ఉంచేవాడు. పళ్ళేన్ని వట్టిగా పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు. పాత పడుగు కొస లేకుండా కొత్త పడుగు ఎక్కించడం ఎలాగో ఆయనకు తెలియదు మరి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది.

"బిడ్డా, జర ఆగు. చిటికెడు ఉంచిన."

"ఏంది?"

"పళ్ళెంల. ప్రతిసారి. వట్టిగ పెట్టబుద్ధి కాలే."

గోదావరికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను నిన్ను నమ్మిన గదా కాకా!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పెంటప్ప ఆ పూట అన్నం ముట్టలేదు.

శుక్రవారం పొద్దున ఆమె వచ్చేసరికి తొమ్మిదో సంచిలో దాచిన సగం రాయి రోట్లో నలిగి ఉంది. పెంటప్ప పళ్ళేన్ని బూడిద పెట్టి, పీచు పెట్టి మెరిసేలా తోముతున్నాడు.

"ముప్పై ఏండ్లల్ల ఇయ్యాల్నే చూస్తున్న ఈయన గిన్నె తోమంగ" అంది యమునాబాయి. గోదావరికి నవ్వాగలేదు. కోపం సగం అక్కడే కరిగిపోయింది. చీర కొంగు దోపి తానూ కూర్చుంది.

ఈసారి కింది నుంచి పైకి. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. సంచి సంచికీ పళ్ళేన్ని మూడుసార్లు కడిగి, బోర్లించి, తెల్లగుడ్డతో తుడిచి ఆమెకు చూపించాకే ఇంకోటి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి నాలుగు పొట్లాలు ఆరాయి. ఇక చూడడమే. అక్కడ వచ్చింది చిక్కు. గోడ అవతల లింగయ్యవి ఎనిమిది పవర్‌లూములు. అవి ఆడుతుంటే సూక్ష్మదర్శిని కింద గింజలు గంతులేస్తాయి. ఇన్నాళ్ళూ లూములకు సెలవున్న రోజే చూసేవాళ్ళు. ఆ సెలవు దాకా ఆగితే గైడు వచ్చి వెళ్ళిపోతాడు.

పెంటప్ప గోడ మీంచి కేకేశాడు. "లింగయ్యా, పావుగంట లూములు బంద్ చెయ్యి!"

"ఇసుక కోసం లూములు ఆపాల్నా? దిమాగ్ ఖరాబైందా నీకు?"

"ఆపకుంటే ఇగ నీ బట్టల తప్పులు నేను చూడ. నువ్వే చూస్కో."

వారం వారం లింగయ్య బట్ట వ్యాపారికి పోయే ముందు పెంటప్ప కంటి కింది నుంచి పోవాల్సిందే. లింగయ్య గొణుక్కుంటూ మీట కిందికి లాగాడు. ఒక్కసారిగా సందంతా మూగబోయింది. కరెంటు పోయిందేమోనని ఆడవాళ్ళు బీడీలు చుట్టే చేటలతో బయటికి వచ్చారు.

గోదావరి తొమ్మిది చూసింది. నీలం లేదు. పది. లేదు. పదకొండు గింజ గింజా సూదితో తిప్పి చూసింది. లేనేలేదు. పన్నెండులో కూడా లేకపోతే ఇక పదమూడు, పద్నాలుగు తప్ప మిగలవు, పాతవాళ్ళు రాసిన పదిహేనే నిలిచేటట్టుంది. ఇన్ని నెలల కష్టం బోరింగు కింద పోసినట్టే.

"నాతోని కాదు కాకా. నువ్వే చూడు."

పెంటప్ప చేతులు తుడుచుకుని కన్ను ఆనించాడు. ఎర్రని గార్నెట్ గింజలు కనిపించాయి, నల్లటివి కనిపించాయి. ఆయన సూదితో ఒక్కొక్కదాన్ని పక్కకు జరుపుతూ పోయాడు, తొందరపడలేదు. ఒక మూలన పొడుగాటి పలక ఒకటి, అద్దకం తొట్టిలోంచి అప్పుడే తీసిన నీలి పోగులా మెరిసింది.

"ఒకటి" అన్నాడు.

గోదావరి ఆయన భుజం మీదుగా వంగింది.

"రెండు... మూడు. అగో, ఇంకోటి! బిడ్డా, ఏడున్నయి! ఏడు!"

ఆమె ఆయన్ని పక్కకు నెట్టి చూసింది. ఏడే. తొమ్మిదో పొరలో కాదు, పన్నెండో పొరలోనే మొదలు. అయితేనేం, రాసినదానికి మూడు పొరలు ముందే కొండ కడుపు బయటపడింది! ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అంతలోనే ఆగి, అనుమానంగా ఇత్తడి పళ్ళెం వైపు చూసింది.

"కాకా, పన్నెండుకు ముందర పళ్ళెంల ఏమన్న ఉండెనా?"

"అంతకుముందు కడిగింది పదకొండే గదా బిడ్డా. దాన్లనే నీలం లేదాయె!" పెంటప్ప పళ్ళేన్ని అందుకుని, మగ్గం ముందు నిలబడి, అందరికీ కనబడేలా తల మీద బోర్లించాడు. ఒక్క రేణువు రాలలేదు. "చూడుండ్రి! ఖాళీ! ఏక్‌దమ్ ఖాళీ!"

ఆ గదిలో ఆ మాట వినపడగానే యమునాబాయి అలవాటుగా ఆయన నోరు మూయబోయింది. చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

"మళ్ళొకసారి అను" అంది నవ్వుతూ.