పొడుగోడి పేజీకి మా బాబాయి మెరుగులు

ఆధారం చూపించనిదే మా బాబాయి ఏదీ నమ్మడు. ఓసారి పిన్ని, "ఏమండీ, వానొస్తోంది, మేడమీద బట్టలు తీసుకురండి" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఆకాశం!"

"అదొక్కటే చాలదు. ఇంకో ఆధారం కావాలి."

ఇంకోటి దొరికేసరికి బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి.

పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో లోకం తప్పులు దిద్దుతాడు. దిద్దుకోనీ, నాకేం? కానీ కొన్ని వారాలుగా ఆయన మెరుగులు దిద్దుతున్న వ్యాసం పొడుగోడి స్టాండప్ కామెడీ షో మీద!

పొడుగోడిదీ నాదీ ఒకే బెంచీ. ఒకే రోజు కాలేజీ మానేశాం, జోకులేసి బతుకుదామని. వాడు గంటసేపు షో చేసి పేరు కొట్టేశాడు. రికార్డింగు మొదలుకాకముందు స్టేజీ ఎక్కి పది నిమిషాలు జనాన్ని నవ్వించింది నేను. వీడియోలో ఆ ముక్క లేదు. వాడికేమో పేజీ, నాకు ఒక్క వాక్యమైనా లేదు. కుళ్లుకున్నాను. దాపరికం దేనికి?

అందుకని నా వాక్యం నేనే రాసుకున్నాను, 'అసలు షో కంటే ఇదే బాగుంది' అని తోక కూడా తగిలించి. నాలుగు నిమిషాల్లో ఎగిరిపోయింది. పక్క గదిలోంచి బాబాయే తీసేశాడు!

"బాబాయ్, నేను నీ అన్న కొడుకుని!"

"దానికి ఆధారాలున్నాయి. నువ్వు రాసినదానికి లేవు."

"నాలుగొందల మంది చూశారు!"

"ఒక్కడైనా అచ్చులో రాశాడా?"

పొడుగోడి షో అరవై ఒక్క నిమిషాలా, అరవై రెండా అని స్టాప్‌వాచీ పట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. చివరి చప్పట్లు లెక్కలోకి వస్తాయా రావా అని ఎవరితోనో వాదన. 'అద్భుతమైన' అన్న మాట ఆయన కొట్టేస్తుంటే నా కడుపు చల్లబడేది. అదే చేత్తో వాడి అవార్డు చేరుస్తుంటే మళ్లీ మండేది.

ఆ మంటతోనే నిన్న, ఆయన ప్రెస్సుకెళ్లాక, 'ఈ షో శుద్ధ దండగ' అని రాద్దామని పేజీ తెరిచాను. అక్కడ ఓ కొత్త వాక్యం ఉంది. నా పది నిమిషాల గురించి, నా పేరుతో! కింద ఆధారంగా ఓ వారపత్రిక పాత సంచిక, ఏడో పేజీ.

ఆ వ్యాసం దిద్దేవాళ్లు వాదించుకునే చర్చల పేజీ తెరిస్తే పదకొండు రోజుల పోట్లాట. మొదట్లోనే బాబాయి రాశాడు: 'ఈ కుర్రాడు మా అన్నయ్య కొడుకు. బంధువుని కనక నేను రాయకూడదు. నా మాట నమ్మకండి, ఈ పత్రిక చదవండి. సబబనిపిస్తే మీలో ఎవరైనా చేర్చండి.'

'పది నిమిషాలకి ఇంత గొడవా?' అన్నారెవరో.

'జరిగింది కదండీ' అన్నాడు బాబాయి.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను. "ఆ పత్రిక ఎక్కడ దొరికింది?"

పిన్ని అందుకుంది. "మూడు ఆదివారాలు ఆ ఆఫీసులో పాత కట్టలు దులిపి, తుమ్ముకుంటూ కొంపకొచ్చారు. ఆ షో జరిగిన రోజు కూడా అంతే. టిక్కెట్టు కొనుక్కెళ్లి, నీ పది నిమిషాలు కాగానే లేచొచ్చేశారు!"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"సీటు గట్టిగా ఉందిరా. నడుం పట్టేసింది" అన్నాడు.

ఆ హాల్లో సీట్లన్నీ మెత్తటి స్పాంజివి. నేను లేచి ఆయన కుర్చీలో ఓ దిండు వేశాను.