క్లారినెట్ ఖాజా ఎడమ బుగ్గ

2004 ఏప్రిల్‌లో నన్ను కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. ప్రభుత్వ లెక్కలో కత్తి ముట్టని పిల్లల డాక్టరు కూడా సివిల్ అసిస్టెంట్ సర్జనే. నేను మాత్రం జనరల్ సర్జరీ చదివినవాణ్ణి. అక్కడ సర్జన్ నేనొక్కణ్ణే కాబట్టి నా నిర్ణయాన్ని ప్రశ్నించేవారు లేరు. అది సౌకర్యమని అప్పట్లో అనుకున్నాను.

ఈ మధ్య స్వచ్ఛంద విరమణ తీసుకున్నప్పుడు వీడ్కోలు సభలో ఒక మిత్రుడు నా గురించి ఒక కథ చెప్పాడు. బుగ్గలో గడ్డతో వచ్చిన బ్యాండు కళాకారుణ్ణి నేను క్లారినెట్ వాయించమని అడిగి, వాయిస్తుండగానే జబ్బు పేరు చెప్పేశానట. సభ చప్పట్లు కొట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను. అట్లా ఊరుకోవడం అప్పటికే చాలా ఏళ్ల అలవాటు. జరిగింది వేరు.

ఆ కళాకారుడి పేరు ఖాజా మియా. తాత కాలం నుంచి వాళ్లది పెళ్లి బ్యాండే. ముప్పై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్. పెళ్లిళ్ల కాలం నడుస్తుండగా ఎడమ బుగ్గలో నొప్పి అని వచ్చాడు.

"గిది చిన్నప్పటి సంది ఉన్నదే సార్. అప్పుడు శనగ గింజంత. నాతోపాటు గిది గూడ పెరిగింది. ఊదితే గుంజుతున్నది," అన్నాడు.

అందులోనే రోగనిర్ధారణ అంతా ఉంది. నేను వినలేదు. వేళ్లతో తడిమితే మెత్తగా తగిలింది. లోపల జొన్న గింజల్లాంటివి రెండు గట్టిగా తగిలాయి కానీ పట్టించుకోలేదు. నోరు తెరిపించి చూస్తే పాన్ ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. నోరు కడుక్కుని రమ్మనాలని కూడా తోచలేదు. కొవ్వు గడ్డ అని రాసి, గురువారం చిన్న ఆపరేషన్ల జాబితాలో చేర్చాను. బుగ్గకు మత్తు సూది ఇచ్చి, నోటి లోపలి నుంచి కోసి తీసేయడం, అరగంట పని. దానికి రక్తం సిద్ధం చేసుకోరు. నేనూ చేసుకోలేదు.

గురువారం పొద్దున కరెంటు పోయింది. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మధ్యలో ఆగింది. గంటకు పైగా పడుతుందని థియేటర్ సిస్టర్ చెప్పింది. ఖాజా వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఆపరేషన్ కాగానే సాయంత్రం పెళ్లికి పోదామని క్లారినెట్ పెట్టె కూడా తెచ్చుకున్నాడు. అంత చిన్న పని అని నేనే చెప్పాను మరి.

పక్కన కాలికి కట్టుతో ఒక అడవి పల్లె ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఆ పెట్టెను చాలాసేపు చూసింది.

"ఏందయ్యా, బరువు మోసుకొచ్చినవ్, ఊదరాదా?"

"దవాఖానల ఊదద్దు అవ్వా."

"నువ్వు ఊదకపోతే నా కాలు నొప్పి తగ్గుతదా? జర ఊదు."

ఖాజా ఊదాడు. పెళ్లికూతుర్ని మండపానికి తెచ్చేటప్పుడు వాయించే పాట అది. లోపల ఉక్కపోతలో ఉన్న నాకు ఒళ్లు మండింది. తిట్టడానికే బయటికి వచ్చాను.

వచ్చి నిలబడిపోయాను. ఎడమ బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి, చర్మం కింద నేరేడు పండు రంగు తేలింది. నన్ను చూసి అతను వాయిద్యం దించాడు. ఉబ్బు మెల్లగా, మునుగుతున్నట్టు తగ్గిపోయింది.

నోరు కడిగించి లోపలికి తీసుకుపోయాను. తల కిందికి వేలాడేలా పడుకోబెడితే గడ్డ నిండింది. కూర్చోబెడితే తగ్గింది. నొక్కితే అణిగి, వదిలితే నిదానంగా నిండింది. నాడిలా కొట్టుకోవడం లేదు, స్టెతస్కోపు పెడితే హోరు లేదు. అంటే ధమనులతో సంబంధం లేదు. బుగ్గ లోపలి పొర నీలంగా ఉంది. కరెంటు వచ్చాక తీసిన ఎక్స్‌రేలో ఆ జొన్న గింజలు తెల్లటి పూసల్లా కనిపించాయి. నెమ్మదిగా కదిలే రక్తం సిరలో గడ్డకట్టి, కాలక్రమంలో రాయిగా మారితే అట్లా కనిపిస్తుంది. దీన్ని వీనస్ మాల్ఫార్మేషన్ అంటారు. పుట్టుకతోనే కొన్ని సిరలు సరిగా ఏర్పడక, పలచటి గోడలతో స్పంజిలా మిగిలిపోతాయి. క్యాన్సర్ కాదు, మనిషితోపాటు పెరుగుతుంది. దాన్ని కొవ్వు గడ్డ అనుకుని కోస్తే రక్తం ఆపడం కష్టం. ముఖం కదిలించే నరం తెగితే ఖాజా మళ్లీ క్లారినెట్ పట్టలేడు. మత్తు ఎక్కించే ముందు సూదిని కాస్త వెనక్కి లాగి చూస్తారు, అందులోకి రక్తం రాగానే చాలామంది ఆగిపోతారు. నేను ఆగేవాణ్ణని ఇప్పుడు ప్రమాణం చేయలేను.

ఆపరేషన్ లేదన్నాను. అక్కడితో ఆగక, క్లారినెట్ మానేసి డ్రమ్ము నేర్చుకొమ్మని సలహా కూడా ఇచ్చాను.

"మీరు కత్తి ఇడిసిపెట్టి మందుల పొట్లాలు కట్టుకుంట కూసుంటరా సార్?" అన్నాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

హైదరాబాద్‌లో నాతో చదివిన రేడియాలజిస్టు దగ్గరికి పంపాను. ఎం.ఆర్.ఐ.లో గడ్డ బుగ్గ కండరంలోకి ఎంత దూరం పాకిందో తెలిసింది. స్కాన్‌లో చూస్తూ, సిర లోపలి పొరను మాడ్చి ముడుచుకునేలా చేసే మందును సూదితో ఎక్కించారు. మొదట ముఖం ఇంకా వాస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే ఇంట్లోవాళ్లు భయపడతారు. చెప్పినా ఖాజా భార్య నాకు ఫోన్ చేసి, "బుగ్గ తగ్గించమని పంపితే బూరె జేసి పంపిన్రేంది సార్," అని అడిగింది. కొన్ని నెలల ఎడంతో మళ్లీ మళ్లీ ఎక్కించారు. ఈ జబ్బు పూర్తిగా పోవడం అరుదు, అదుపులో ఉంటుంది. నొప్పి తగ్గింది. మధ్యమధ్య విరామం తీసుకుంటూ వాయించుకోవచ్చని అక్కడి డాక్టరు ఒప్పుకున్నాడు. తరువాతి పెళ్లిళ్ల కాలంలో ఖాజా బ్యాండు ముందు నడిచాడు.

కథను పుట్టించింది కూడా అతనే. ప్రతి పెళ్లిలో, "డాక్టర్ సాబ్ ఊదమని జెప్పి రోగం పట్టిండు," అని చెప్పేవాడు. మొన్న సభ తరువాత అతని ఇంటికి వెళ్లి, ఆ రోజు నేను తిట్టడానికే వచ్చానని చెప్పాను.

"అది నాకు తెల్వదా సార్? మీ మొఖం జూస్తె తెల్వలేదా?"

"మరి అట్లా ఎందుకు చెప్తున్నావు?"

"డాక్టరు తిట్టనీకె వచ్చిండంటే దవాఖానకు ఎవరొస్తరు? మన ఊర్లల్ల గడ్డలున్నోళ్లు మస్తుమంది. ఇంత చాయ్ తాగుండ్రి."

కథ అతనిదే ఉండనీ. నేను నేర్చుకున్నది మాత్రం రాసిపెడుతున్నాను. ఆ తరువాత ఏ గడ్డనైనా కోసే ముందు, రోగి రోజూ చేసే పనిని నా ఎదుట చేయించాను. తునికాకు మోపు ఎత్తేవాళ్లతో మోపు ఎత్తించాను, బస్తాలు మోసేవాళ్లతో బస్తా మోయించాను. పడుకున్నప్పుడు లేని వాపు పనిలో కనిపిస్తుంది. ఇది నేను ఆలోచించి కనిపెట్టిన పద్ధతి కాదు. ఆ రోజు కరెంటు ఉండి ఉంటే నాకు తెలిసేది కాదు.